చిట్టాలో పేరు



ఈ ఉపన్యాసమునకు ఒక వ్యక్తి పేరు లేకపోవుట చూచి క్రొత్తవారు ఆశ్చర్యపడవచ్చును. ముప్పదియైదేండ్లు ఈ గ్రంథాలయపు బీరువాల తాళపుచెవులను మొలత్రాటికి కట్టుకొని తిరిగిన మా పంతులుగారు, తమ అనంతరము పాత చదువరులు చందాలు వేసికొని ఏదో యొక జ్ఞాపకము నిలుపుదురని ముందే పసిగట్టి, తమ పేరు మాత్రము ఎచ్చటను వ్రాయింపవలదని కోరియుండిరి. ఆ కోరికను మన్నించి కార్యవర్గము దీనిని గ్రంథాలయాధికారి స్మారకోపన్యాసమని మాత్రమే పిలుచుచున్నది. నేనును ఈ గంటసేపు ఆయనను పంతులుగారనియే స్మరింతును.

నాకిచ్చిన విషయము, అంతర్జాల వేదికలు తమ వాడుకరులకిచ్చిన వసతులను ఉపసంహరించుకొనుటయు, వారి స్వంత సమాచారమును వెంటాడి సేకరించుటయు. ఇవి రెండు వేర్వేరు సంగతులని తలచి నేను మొదట రెండు భాగములుగా వ్రాయబూనితిని. వ్రాయగా వ్రాయగా ఇవి ఒకే పనియనియు, ఒక చేత తీసికొనునది రెండవ చేతికి చోటు చేయుటకేననియు నాకు తోచినది. నేనీనాడు చెప్పదలచినది ఇంతకంటె ఎక్కువ లేదు. కాని దానిని నిదర్శనములతో చెప్పవలసియున్నది.

ముందుగా పంతులుగారి జారీ చిట్టాను గూర్చి చెప్పెదను. మీలో పెద్దలు దానిని చూచియే యుందురు. పొడుగాటి పుస్తకము, ఎఱ్ఱగుడ్డ అట్ట, వరుస సంఖ్య, పుస్తకము పేరు, తీసికొన్నవారి పేరు, తేది, సంతకము అని అయిదు గళ్లు. పుస్తకము తిరిగివచ్చిన క్షణమున ఆయన బద్ద ఆనించి, తీసికొన్నవారి పేరుమీదుగాను, సంతకముమీదుగాను నల్లసిరాతో ఒక గీత కాదు, ఆ పేరు ఎవ్వరికిని పోల్చుకొన వీలులేనంత దట్టముగా నాలుగైదు గీతలు గీసెడివారు. పుస్తకము పేరును, తేదియు మాత్రము మిగిలెడివి. ఏ పుస్తకమునకెంత గిరాకి యున్నదో తెలియుటకు అవి చాలును. ఎవరు చదివిరో తెలియవలసిన అవసరము పుస్తకము బీరువాలోనికి చేరుటతో తీరిపోయినదని ఆయన మతము.

1975వ సంవత్సరపు చివరి మాసములలో, దేశమున అత్యవసర పరిస్థితి నడుచుచున్న కాలమున, పదుమూడేండ్ల బాలుడనై నేను వార్తాపత్రికల బల్లవద్ద కూర్చుండగా, సైకిలు దిగి లోనికి వచ్చిన ఒక ఉద్యోగి, ఫలానా పుస్తకములను ఎవరెవరు పట్టుకొనిపోవుచున్నారో చెప్పుడని అడిగెను. పంతులుగారు మారుమాటాడక చిట్టాను అతని యెదుట తెరచిపెట్టిరి. అతడు పుట వెంట పుట త్రిప్పెను. ఎచట చూచినను నల్లని పట్టీలే. "ఇదేమిటండీ, అన్నీ కొట్టేశారు?" అని అతడడుగగా, "పుస్తకం తిరిగొచ్చిందండీ. ఇంక ఆ పేరుతో నాకేం పనుంది?" అని పంతులుగారు నెమ్మదిగా సమాధానము చెప్పిరి. ఆ మాట యందు ధిక్కారము లేదు. గుమాస్తా తన పనిని గూర్చి చెప్పు మాటవలెనే యుండెను. అతడు వెళ్లిన పిమ్మట ఆయన సిరాబుడ్డి మూతపెట్టిన చప్పుడు నాకిప్పటికిని వినబడుచున్నది.

ఇప్పుడు నేటి చిట్టాలను గూర్చి విచారింతము. అంతర్జాలము పుట్టిన తొలిదినములలో దానికి జ్ఞాపకశక్తి లేదు. ఒక పుట చూచి మరియొక పుటకు పోయిన మనిషి ఆ యంత్రమునకు మరల అపరిచితుడే. అంగడిలో ఒక వస్తువును బుట్టలో వేసికొని రెండవ వస్తువును చూడబోవునంతలో మొదటిది మాయమైపోయెడు ఆ స్థితిలో వర్తకము సాగదు గనుక, 1994లో నెట్‌స్కేప్ సంస్థయందు పనిచేయుచుండిన లూ మాంటుల్లీ అను ఇంజనీరు, వచ్చినవాని యంత్రములోనే ఒక చిన్న చీటీ నిలువచేయు పద్ధతిని కల్పించెను. దానికే కుకీ యని పేరు. ప్రతి మనిషికిని లోకమంతటికి కలిపి ఒకే సంఖ్య నిచ్చినచో వానిని అంగడి వెంట అంగడి వెంబడింప వీలగునని గ్రహించి, అట్లు జరుగకుండుటకే ఏ అంగడి చీటీ ఆ అంగడికే చెల్లునట్లు ఆయన కట్టుబాటు చేసెను. ఉద్దేశము సత్సంకల్పమే. కాని ప్రకటనల వ్యాపారులు ఈ కట్టుబాటులోనే సందు కనిపెట్టిరి. ఊరిలోని ప్రతి అంగడిలోను ఒకే ప్రకటనదారుడు ఒక మూల చిన్న బల్ల వేసికొని కూర్చున్నాడనుకొనుడు. గుడ్డల కొట్టులో వాడు మీ ఉత్తరీయపు కొంగున కట్టిన చీటీని మందుల కొట్టులోనున్న వాని మనిషియే చదువును. పుస్తకాల కొట్టులోనున్న మనిషియు చదువును. ఏ అంగడివాడును మిమ్ము వెంబడింపలేదు; అయినను సాయంకాలమునకు మీరు ఏ గుడ్డ బేరమాడిరో, ఏ రోగమునకు మందడిగిరో, ఏ పుస్తకము పుట త్రిప్పి విడిచిరో ఆ బల్లల యజమాని యొద్ద ఒక్క చిట్టాలో చేరియుండును.

చేతిలోని సెల్‌ఫోను వచ్చిన తరువాత ఈ చీటీకి కాళ్లు వచ్చినవి. మనమెచ్చట నిలిచితిమో, ఎంతసేపు నిలిచితిమో అదియు చేరినది. దానిని ఆపుటకు ఒక మీట యున్నదని జనులు నమ్మిరి. 2018 ఆగస్టులో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ పరిశోధించి చూడగా, గూగుల్ వారి స్థాన చరిత్ర అను మీటను ఆపివేసినను, వేరొక పేరుగల మరియొక మీట తెరచియుండుటవలన ఆ సమాచారము చేరుచునే యున్నదని తేలినది. ఈ విషయముననే 2022 నవంబరులో అమెరికాలోని 40 రాష్ట్రములతో ఆ సంస్థ 39 కోట్ల 15 లక్షల డాలర్లకు రాజీ చేసికొనవలసి వచ్చినది. తలుపు మూసితినని నిశ్చింతగా నిద్రించిన గృహస్థునకు, దొడ్డివాకిలి వేరొక తాళముతో నడుచునని చెప్పవలసిన ధర్మము ఇల్లు కట్టినవానికి లేదా?

ఇక ఉపసంహరింపబడిన వసతుల కథ. 2004 జనవరిలో ఆరంభమైన ఆర్కుట్ అను అంతర్జాల వేదిక మన దేశమున, బ్రెజిల్ దేశమున విశేషముగా ఆదరింపబడినది. కళాశాల విడిచి చెల్లాచెదరైన మిత్రులు, అమెరికా చేరిన తెలుగు యువకులు, ఊళ్ల పేర్లతోను సినిమా నటుల పేర్లతోను కూటములు కట్టుకొన్న పిల్లలు, ఎందరో అందులో కలిసికొనిరి. దానియందొక వసతి యుండెడిది. మీ పుటను ఇటీవల ఎవరు వచ్చి చూచిపోయిరో మీకు కనబడెడిది; మీరు కూడ ఇతరుల పుటను చూచినప్పుడు మీ రాక వారికి తెలియుటకు సమ్మతించిననే అది మీకు దక్కెడిది. ఆ కాలమున అది పిల్లలాటగా తోచినది. నేడు తలచుకొన్నచో అది ఎంతటి న్యాయబద్ధమైన ఏర్పాటో తెలియుచున్నది. చూచువాడు చూడబడువానికి తెలియవలెనను ధర్మము దానిలో నున్నది. ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30వ తేదిన మూతపడినది. మూయుటకు ముందు యజమానులు గడువిచ్చి, మీ వ్రాతలను మీరు తీసికొనిపొండని చెప్పిరి గనుక వారిని నేను నిందింపను. ఏ సత్రమును శాశ్వతముగా నడుపుమని ఎవ్వరిని నిర్బంధింపరాదు. సత్రము మూసినప్పుడు బాటసారి మూట బాటసారికి చేరెనా లేదా యన్నదే ప్రశ్న.

నా మూట నాకు చేరలేదు. మన కోస్తా జిల్లాలలో పద్యనాటకము లాడిన వృద్ధనటులను గూర్చి, వారి యిండ్లకు పోయి విని, నేనొక వేదికపై ఆరేండ్లు వ్యాసములు వ్రాసితిని. దీర్ఘవ్యాసములకు అచట ప్రత్యేకమైన వసతి యుండుటచేతనే నేనా వేదికను ఎన్నుకొంటిని. ఒక యుదయమున ఆ వసతి లేదు. తెలిపిన నోటీసు ఏ మూలనో యుండెనట; నా కంటబడలేదు. వ్యాసములు ఎచ్చటనో యున్నవని చెప్పిరి గాని, పేరు పెట్టి వెదకు సాధనమును కూడ తీసివేసినందున, వేలుతో తెరను క్రిందికి త్రోయుచు ఆరేండ్ల కాలమును వెనుకకు నడచిననే కాని అవి దొరకవు. ఒక నటుని మనుమరాలు తాతగారిని గూర్చి నేను వ్రాసినది కావలెనని అడిగినప్పుడు, రెండు రాత్రులు వెదకి, దొరకక, సిగ్గుతో లేదని చెప్పితిని. అదే కాలమున అదే వేదిక, నేను మోకాళ్ల నొప్పికి తైలము కొరకు ఒకేయొకసారి వెదకిన సంగతిని ఆరు మాసములు మరువక, ఉదయసాయంకాలములు తైలముల ప్రకటనలు చూపుచునే యుండెను. నేను వ్రాసినది నాకు దొరకదు. నేను వెదకినది వారికి మరపురాదు. ఆ రాత్రి నాకు పంతులుగారి చిట్టా జ్ఞప్తికి వచ్చినది. ఆయన పుస్తకమును భద్రపరచి పేరును కొట్టివేసిరి. ఇచట పేరును భద్రపరచి పుస్తకమును పోగొట్టినారు.

గ్రంథాలయమున నిలిచి మాటాడుచున్నాను గనుక పుస్తకముల సంగతి ఒకింత విస్తరించి చెప్పుటకు అనుమతింపుడు. 2009 జులైలో, అమెరికాలో అమెజాన్ సంస్థ వారి కిండిల్ అను పఠనయంత్రమునందు జార్జి ఆర్వెల్ వ్రాసిన రెండు నవలలను కొనుక్కొన్న చదువరులు, ఒకనాడు యంత్రము తెరచి చూడగా అవి అందులో లేవు. హక్కులేనివారెవరో వానిని అమ్మకమునకు పెట్టినందున, సంస్థవారు దూరమునుండియే వానిని తుడిచివేసి, సొమ్ము తిరిగి జమకట్టిరి. మాయమైన రెండింటిలో ఒకటి, ప్రభుత్వము తన కిష్టములేని కాగితములను నిప్పులగొట్టములో వేసి చరిత్రను చెరపు లోకమును వర్ణించిన '1984' అను నవల. ఒక ఉన్నత పాఠశాల విద్యార్థి, చదువుచు తాను వ్రాసికొన్న వ్యాఖ్యలన్నియు ఆధారమైన పుస్తకము పోవుటవలన నిరర్థకములైనవని న్యాయస్థానమున కెక్కెను, సంస్థ రాజీపడినది, దాని ఆనాటి అధిపతి జెఫ్ బెజోస్ తప్పొప్పుకొని క్షమాపణ చెప్పెను. ఆ క్షమాపణ నిజమైనదే కావచ్చును. అయినను దాదాపు పదునాఱేండ్లకు, 2025 ఫిబ్రవరి 26వ తేదినుండి, కొన్న పుస్తకమును చదువరి తన కంప్యూటరులోనికి దించుకొని తీగద్వారా యంత్రమునకు మార్చుకొను వసతిని అదే సంస్థ తొలగించినది. పుస్తకము చదువరి యింట నొక ప్రతిగా నిలుచు దారి అట్లు మూసికొనిపోయినది. ఏ పుటయొద్ద ఆగితిరో, ఏ వాక్యము క్రింద గీత గీసితిరో ఆ జాడ మాత్రము సంస్థవారి యొద్దకు చేరుచునే యున్నది. పుస్తకమును అరువిచ్చు మన గ్రంథాలయము, పుస్తకమును అమ్ముచున్నామనువారికంటె చదువరి కెక్కువ స్వాతంత్ర్య మిచ్చినదని నేననుట అతిశయోక్తి కాదు.

ఇట్లేల జరుగుచున్నది? దుర్మార్గులు కొందరు ఒకచోట చేరి కుట్ర పన్నుటవలన కాదు. ఆదాయము వచ్చు మార్గమునుబట్టి ఏర్పాటు నడుచును. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్‌ల యజమానియైన మెటా సంస్థ ఆదాయములో నూటికి 95 పాళ్లకు మించి ప్రకటనలవలన వచ్చునదే. ప్రకటనకు వెల రెండింటివలన హెచ్చును: చూచువాడు ఎక్కువసేపు నిలుచుట యొకటి, వాడెట్టివాడో ముందే తెలిసియుండుట రెండవది. ఇప్పుడు, వాడుకరికి మేలుచేయు వసతులను ఒకటొకటిగా తీసికొని చూడుడు. మిత్రుల చిత్రములను వచ్చిన వరుసలోనే చూచినచో, నిన్న చూచినచోటికి చేరినంతనే పని తీరినదని తెలిసి మనిషి లేచిపోవును. ఇన్‌స్టాగ్రామ్ 2016లో ఆ వరుసను తీసివేసి, యంత్రమే ఎంచి పేర్చు పద్ధతిని పెట్టినది. జనుల మొర విని 2022లో పాత వరుసను తిరిగి ఇచ్చినను, అడిగి తెరచుకొన్నవారికే దానిని పరిమితము చేసినది. వెదకు సాధనము సరిగా నున్నచో మనిషి కావలసినది చూచుకొని పోవును. వ్రాతను వెంట తీసికొనిపోవు వీలున్నచో వేదికనే మార్చుకొనును. త్వరగా పని ముగింపజేయునవి, జాడ తెలియనీయనివి, బయటికి దారి చూపునవి; తీసివేతకు గురియగుచున్నవి మిక్కిలిగా ఇవియే. అందుచేతనే ఇవి రెండు పనులు కావని మొదట మనవిచేసితిని.

ఈ మాటకు నేనెఱిగినంతలో అతిస్పష్టమైన నిదర్శనము అమెజాన్ వారి ఎకో యంత్రము. ఇంటిలో బల్లమీద నుండి, పిలిచిన పలుకు ఈ మాటాడు యంత్రములలో కొన్నింటికి, అమెరికాలో, మన కంఠధ్వనిని బయటికి పంపక యంత్రములోనే అర్థము చేసికొనుమని ఆజ్ఞాపించు ఒక మీట యుండెడిది. 2025 మార్చి 28వ తేదినుండి ఆ మీట లేదు. క్రొత్త కృత్రిమ మేధకు దూరమునందలి మహాయంత్రముల శక్తి కావలెననియు, ఆ మీటను వాడినవారు బహుస్వల్పులనియు సంస్థ కారణములు చెప్పినది. పని ముగిసిన పిమ్మట ధ్వనిని చెరిపివేయుమని కోరు వీలును ఉంచినది. కారణములు అసత్యములని నేననను. కాని స్వల్పసంఖ్యాకులే వాడిరను వాదమును నేను అంగీకరింపజాలను. ఇంటికి గడియ వేసికొనువారు నలుగురే యైనంతమాత్రమున ఆ నలుగురి గడియలను ఊడదీయవచ్చునా?

ఇంతకంటె దీనమైన కథ మరియొకటి. నన్ను వెంబడింపవలదు అని ప్రతి వెబ్‌సైటుకును ముందుగానే విన్నవించు ఒక చిన్న సంకేతమును, సుమారు 2010 ప్రాంతమునుండి విహరిణులలో, అనగా బ్రౌజర్లలో, ఏర్పాటు చేసిరి. అది విన్నపమే గాని శాసనము కాదు. మన్నింపనివారికి శిక్ష లేదు. మన్నించినవారు అరుదు. ప్రమాణములను తీర్చుచుండిన సంఘము 2019 జనవరిలో మూతపడినది. ఆపిల్ సంస్థ అదే సంవత్సరము తన విహరిణినుండి ఆ సంకేతమును తీసివేయుచు చెప్పిన కారణము వినదగినది: ఆ విన్నపమే ఆ మనిషిని పదిమందిలో గుర్తుపట్టుటకు అదనపు ఆనవాలుగా ఉపకరించుచున్నదట. తుదకు 2025 ఆరంభమున ఫైర్‌ఫాక్స్ కూడ దానిని తొలగించినది. చట్టబలము లేని మొర ఏమగునో తెలిసికొనుటకు ఇంతకుమించిన పాఠము లేదు.

మన యిండ్లలోనికి వచ్చినచో, వాట్సాప్ లేని కుటుంబము నేడు తెలుగునాట అరుదు. పెండ్లి శుభలేఖ, బడి వార్త, ఆస్పత్రి కాగితము, డల్లాసులోని మనుమని ముఖము, అన్నియు దానిలోనే. మనము వ్రాసికొను మాటలను దారిలో ఎవ్వరు చదువలేని విధముగా బంధనము చేయు పద్ధతి 2016 ఏప్రిలునుండి దానియందున్నది. అది మెచ్చదగినది, దానిని చెప్పకపోవుట అన్యాయము. అయితే మాట వేరు, మాట చుట్టునున్న సంగతి వేరు. ఉత్తరమును విప్పకున్నను, ఎవరు ఎవరికి ఎప్పుడు ఎంత తరచుగా వ్రాయుదురో తపాలా బంట్రోతునకు తెలియును. 2016 ఆగస్టులో ఆ సంస్థ తన షరతులు మార్చి, వాడుకరుల సమాచారమును యజమానియైన ఫేస్‌బుక్‌తో పంచుకొందుమని ప్రకటించినప్పుడు, అప్పటికే చేరియున్నవారికి 30 దినములలోపల కొంతవరకు వలదని చెప్పుకొను వీలిచ్చినది. 2021 జనవరిలో మరల షరతులు మార్చినప్పుడు, వలదనుటకు క్రొత్తగా వీలు లేదు, ఒప్పుకొనుటయో, విడిచిపోవుటయో. నిరాకరించు హక్కు తానే ఒక వసతివలె ఇచ్చటనుండి జారిపోయినదని గమనింపుడు. మన దేశపు కాంపిటీషన్ కమిషన్ ఈ విషయమును విచారించి 2024 నవంబరులో మెటాపై 213 కోట్ల 14 లక్షల రూపాయల జరిమానా విధించినది. 2025 నవంబరులో అప్పీలు ట్రిబ్యునలు, సమాచారము పంచుకొనుటపై పెట్టిన అయిదేండ్ల నిషేధమును తీసివేసినను, జరిమానాను నిలిపినది. ఊరంతయు ఒకే బావి నీరు త్రాగుచున్నప్పుడు, నచ్చకున్న త్రాగవలదనుట సమ్మతి నడుగుట కాదని నా అభిప్రాయము.

ఈ సందర్భమున మన రాజమహేంద్రవరమున 1902లో జన్మించిన ఒక మహానుభావుని స్మరించుట నా విధి. కోకా సుబ్బారావుగారు గుంటూరున వెలసిన ఆంధ్ర హైకోర్టునకు ప్రధాన న్యాయమూర్తిగా నుండి, పిదప భారత సర్వోన్నత న్యాయస్థానమునకు వెళ్లి, 1966లో ప్రధాన న్యాయమూర్తియైరి. 1962 డిసెంబరులో ఆయన తీర్పు వ్రాసినది ఉత్తరప్రదేశమునకు చెందిన ఖరక్ సింగ్ అను మనిషి వ్యాజ్యమున. 1941లో ఒక దోపిడి కేసులో పట్టి, సాక్ష్యము లేదని విడిచిపెట్టినను, పోలీసులు అతని పేర ఒక చిట్టా తెరచిరి. రాత్రివేళ చౌకీదారు వచ్చి తలుపు తట్టి నిద్ర లేపును. పొరుగూరు పోవలెనన్నచో చెప్పిపోవలెను. ఆనాటి పోలీసు నిబంధనలలోని 236వ నిబంధనను నేను కోరి చదివితిని. ఇంటి దారులను రహస్యముగా కాపుకాయుట, రాత్రులు ఇంటికి పోయి చూచుట, అలవాట్లు, స్నేహములు, రాబడి, ఖర్చు, వృత్తి అప్పుడప్పుడు విచారించుట, రాకపోకలు తెలుపుట, వానిని చీటీలద్వారా సరిచూచుట, అంతయు చిట్టాలో కూర్చుట. సభాసదులారా, రాత్రి తలుపు తట్టుటను మినహాయించి, తక్కిన వానిలో నేడు మన జేబులోని యంత్రము చేయనిది ఏదో నాకు తెలిసినంతవరకు కనబడలేదు. ఒక అనుమానితునిపై పెట్టిన నిఘా కోట్లమంది గృహస్థులపై, అనుమానమైన లేకయే, నడుచుచున్నది.

ఆరుగురు న్యాయమూర్తులలో నలుగురు, రాత్రి యింటికి వచ్చుట తగదని మాత్రము కొట్టివేసి, తక్కిన నిఘాను నిలిపిరి. తక్కిన ఇద్దరు, సుబ్బారావుగారును న్యాయమూర్తి షా గారును, భిన్నాభిప్రాయము వ్రాసిరి. నిబంధన యంతయు రాజ్యాంగ విరుద్ధమనియు, గోప్యత వ్యక్తి స్వేచ్ఛలో విడదీయరాని భాగమనియు, అడుగడుగునకు ఒక కన్ను తన్ను కనిపెట్టియున్నదని ఎఱిగిన మనుష్యుని మనస్సు కాళ్లకు సంకెల లేకున్నను బందీయేననియు ఆయన తీర్పు సారాంశము. ఆనాటికి అది ఓడిన పక్షపు మాట. 2017 ఆగస్టు 24వ తేదిన, విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామిగారు వేసిన వ్యాజ్యమున, తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా గోప్యత ప్రాథమిక హక్కేయని చెప్పుచు, ఖరక్ సింగ్ తీర్పులోని గోప్యతను కాదన్న భాగమును కొట్టివేసిరి. గోదావరి యొడ్డున పుట్టిన ఒకరి మాట నెగ్గుటకు దాదాపు 55 యేండ్లు పట్టినది. ఆ మాట వినుటకు ఆయన లేరు.

ఆ తీర్పు పునాదిగా 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము వచ్చినది. 2025 నవంబరులో దాని నియమములు వెలువడినవి. ముఖ్యమైన బాధ్యతలు అమలగుటకు 18 మాసముల గడువు పెట్టిరి. ఇందులో మెచ్చవలసినది కలదు. ఇచ్చిన సమ్మతిని, ఇచ్చినంత సులభముగా వెనుకకు తీసికొన వీలుండవలెను. ఏ పనికై తీసికొనిరో ఆ పని తీరిన పిమ్మట సమాచారమును చెరిపివేయవలెను. పంతులుగారి నల్లగీతకు చట్టమిప్పుడు తోడు వచ్చినది. ఉల్లంఘనకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా. లోపములును కలవు. ప్రభుత్వము తాను కోరిన తన సంస్థలను ఈ చట్టమునుండి మినహాయించుకొను వీలు ఉంచుకొన్నది. పంతులుగారి యెదుట నిలిచిన ఆ సైకిలు ఉద్యోగిని చూచినవాడనగుటచే ఇది నాకు మిక్కిలి భయము కల్గించుచున్నది. 2019 నాటి బిల్లులో, మన సమాచారమును ఒక వేదికనుండి మరియొక వేదికకు మార్చుకొనిపోవు హక్కు నొకదానిని చేర్చియుండిరి. ఐరోపా ప్రజలకు 2018నుండి అది యున్నది. మన చట్టము తుదిరూపమున అది లేదు. బాటసారికి తన మూట నిప్పించు నిబంధనయే జారిపోయినది. దానిని తిరిగి చేర్చవలెనని అడుగవలసినవారు న్యాయవాదులు మాత్రమే కారు. వ్యాసము పోగొట్టుకొన్నవారు, చిత్రములు పోగొట్టుకొన్నవారు, మనవంటివారందరును అడుగవలెను.

చట్టములో తెలుగువారికి ప్రత్యేకముగా పనికివచ్చు మాట యొకటి యున్నది. సమ్మతి నడుగు నోటీసును ఆంగ్లముననే గాక, రాజ్యాంగము ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలలో కోరిన భాషలో చదువుకొను వీలు వాడుకరికి కల్పింపవలెను. తెలుగు వానిలో నొకటి. ఆ నోటీసులు తెలుగు లిపిలో వచ్చుట చాలదు. చదివిన రైతుకు, కుట్టుపని చేయు అమ్మకు అర్థమగు తెలుగులో రావలెను. అట్లు రానిచో, అర్థము కాలేదని పంపినవానికే తిరిగి వ్రాయవలెను. ఆ ఉత్తరములు వ్రాయుటలో భాష తెలిసిన మనవంటివారికి చేయదగిన పని మిక్కిలిగా నున్నది.

కనుక కార్యవర్గమువారికి నాదొక మనవి. ఆదివారము సాయంకాలము ఒక గంట, పంతులుగారు కూర్చుండిన ఆ కిటికీ ప్రక్క బల్లను ఈ పనికి కేటాయింపుడు. సెల్‌ఫోను తెచ్చినవారికి, ఏ యాప్ ఏమి అడుగుచున్నదో తెలుగులో చదివి చెప్పుటకును, వలదన్న మీట ఎచ్చట నున్నదో చూపుటకును, తమ వ్రాతలను చిత్రములను దించి భద్రపరచుకొను తీరు నేర్పుటకును, తలుపు దగ్గర నిలుచున్న ఈ విద్యార్థులలో ఇద్దరిని కూర్చుండబెట్టుడు. మొదటి రెండు నెలలు నేనును వచ్చెదను. ఎంతమంది వచ్చిరో లెక్క వ్రాసికొనుడు. వచ్చినవారి పేర్లు మాత్రము వ్రాసికొనవలదు.